ముందు నీళ్ల ఒప్పందం, తర్వాతే మోటారు: కళ్యాణదుర్గం పక్క ఒక ఊరి కేస్ స్టడీ

కళ్యాణదుర్గం పక్కన ఉన్న ఆ ఊరి రైతులు మమ్మల్ని పిలిచింది మోటార్ల కోసం. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద తొమ్మిది బోర్లున్నాయి. ఒక్క ఏడాదిలో దాదాపు ప్రతి మోటారూ కాలింది, కొన్ని రెండేసి సార్లు. మోటారు పైకి లాగడానికి కూలి, వైండింగ్ ఖర్చు, మళ్లీ దించడానికి కూలి, ఈలోపు కళ్లముందు వాడిపోయే పైరు. వ్యవసాయానికి కరెంటు ఉచితమే, 2004 నుంచీ ఉచితమే. కానీ బిల్లు కట్టని రైతు ఆ డబ్బంతా వైండింగ్ షాపులో కడుతున్నాడు.

నేను రాయలసీమ ఊళ్లలో పంపుసెట్ల కరెంటు వాడకాన్ని కొలిచి, తగ్గించే పని చేస్తాను. ఈ కేసు రాయడానికి కారణం, ఇక్కడ పని వరస మారింది. ఎక్కువ చోట్ల ముందు తక్కువ కరెంటుతో నడిచే స్టార్ రేటింగు మోటారు ఇస్తారు, ఆ తర్వాత నీళ్లు పొదుపు చేయమని చెబుతారు. ఈ ఊళ్లో నీళ్ల మీద రాతపూర్వకంగా ఒప్పందం అయ్యాకే మోటార్లకు చేయి పెట్టాం. ఆ వరస వల్లే కరెంటు తగ్గిందని నా గట్టి నమ్మకం. ఎందుకలా అంటున్నానో లెక్కలతో సహా రాస్తున్నాను. రైతులు కోరినందువల్ల ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర

పని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలుపెట్టాం. అది 63 కేవీఏది (కేవీఏ అంటే అది మోయగల కరెంటు లోడుకు కొలత). కాగితాల మీద తొమ్మిది కనెక్షన్లూ ఐదేసి హెచ్‌పీవే. బోర్లలో ఉన్నవి మాత్రం ఎక్కువగా ఏడున్నరవి. ఇందులో దొంగతనం కంటే నిస్సహాయత ఎక్కువ. నీళ్లు లోతుకు పోయినప్పుడల్లా రైతు ఇంకో నాలుగు పైపులు కలిపి పెద్ద మోటారు దించుతాడు, కనెక్షన్ కాగితం పాతదే ఉండిపోతుంది. ఒక్కో మోటారు పది కేవీఏ చొప్పున లాగుతుంటే తొమ్మిదింటికీ తొంభై. 63 మోసే ట్రాన్స్‌ఫార్మర్ మీద తొంభై పెడితే ఫ్యూజు ఎగరడంలో, ఆయిల్ కాగడంలో వింతేముంది?

దీనికి తోడు ఆటో స్టార్టర్లు. కరెంటు రాగానే తొమ్మిదీ ఒక్కసారే లేచేవి. మోటారు లేచే క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్ల ఆంప్స్ లాగుతుంది. ఆ దెబ్బకు లైను చివర వోల్టేజీ పడిపోతుంది. పడిపోయిన వోల్టేజీ మీద మోటారు ఇంకా ఎక్కువ ఆంప్స్ లాగి వేడెక్కుతుంది. వేడి కాయిల్ పూతను తింటుంది. ఒకసారి వైండింగ్ చేయించిన మోటారు మొదటంత బలంగా ఉండదు, రెండోసారి ఇంకా త్వరగా కాలుతుంది. లైనులో ఆంప్స్ తగ్గించే కెపాసిటర్లు తొమ్మిదింటిలో ఎక్కువ వాటికి ఉన్నాయి గానీ వైర్లు పీకేసి ఉన్నాయి. ఉచిత విద్యుత్తుకు మొదట్లో పెట్టిన షరతుల్లో కెపాసిటర్, ఐఎస్ఐ గుర్తున్న మోటారు, ఘర్షణ తక్కువుండే ఫుట్‌వాల్వు, మంచి పైపు అన్నీ ఉండేవి. మేము చూసిన చోట ఆ షరతులు కాగితం మీదే ఆగిపోయాయి.

లైను చివరన ఉన్న ఒక బోరును వివరంగా కొలిచాం. తీగ చుట్టూ బిగించి ఆంప్స్ కొలిచే టాంగ్ టెస్టరు పెడితే పదహారు ఆంప్స్, వోల్టేజీ 360. లాగిన కరెంటులో నిజంగా పనికి వెళ్లే వంతును, అంటే పవర్ ఫ్యాక్టర్‌ను కలిపి చూస్తే మోటారు ఏడున్నర కిలోవాట్లు తీసుకుంటోంది. పైపు మూతి కింద రెండు వందల లీటర్ల డ్రమ్ము పెట్టి ఫోన్‌లో టైమ్ చూశాం. వంద సెకన్లకు నిండింది. అంటే సెకనుకు రెండు లీటర్లు, గంటకు 7,200 లీటర్లు. మోటారు నడుస్తున్నప్పుడు నీటిమట్టం, పైపులో నష్టం అన్నీ కలిపితే నీళ్లను ఎత్తుతున్నది 120 మీటర్లు. ఇంత నీటిని అంత ఎత్తుకు ఎత్తడానికి నిజంగా కావలసిన శక్తి 2.35 కిలోవాట్లే. మిగతా ఐదు కిలోవాట్లూ వేడిగా, ఘర్షణగా, నీటిని తోసే అరిగిపోయిన రెక్కల్లో (ఇంపెల్లర్లలో) వృథాగా పోతున్నాయి. వెయ్యి లీటర్లకు ఒక యూనిట్ పైచిలుకు పడుతోంది. ఆ కనెక్షన్‌కు మీటరు లేదు కాబట్టి ఈ సంగతి ఆ రైతుకు గానీ, కరెంటోళ్లకు గానీ కనబడలేదు.

ఆ రైతు డ్రమ్ము వైపు చూస్తూ, "కాసేపాగండి సార్, ఇంకా ఉంది తమాషా" అన్నాడు. గంటన్నర గడిచేసరికి ధార సన్నబడింది. తర్వాత బుస్సుమని గాలి, మధ్యలో నాలుగు చుక్కలు. బోరు గ్యాప్ ఇస్తోంది. ఇరవై నిమిషాలు ఆపితే మళ్లీ కొంచెం సేపు పోస్తుంది. మోటారు సగం సేపు గాలి పీలుస్తూ తిరుగుతోందన్న మాట. కాలిపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఇది ఏ కెపాసిటర్ పెట్టినా పోయేది కాదు.

కొత్త మోటారు ఎందుకు ఇవ్వలేదు

ఇక్కడే మా టీంలో చర్చ జరిగింది. స్టార్ రేటింగు మోటారు దించితే అదే నీటికి నలభై శాతం దాకా కరెంటు తగ్గుతుంది, రిపోర్టులో చక్కగా కనబడుతుంది. నేను ఒప్పుకోలేదు. అనంతపురం కింద ఉన్నది గ్రానైటు రాయి. పైన కొన్ని మీటర్ల మేర మెత్తబడ్డ పొర, దాని కింద బండ, బండలో అక్కడక్కడా పగుళ్లు. నీళ్లుండేది ఆ పగుళ్లలోనే. అటువంటి చోట మోటారు బలం పెంచితే పగులు త్వరగా ఖాళీ అవుతుందే తప్ప కొత్త నీళ్లు పుట్టవు. తొమ్మిది గంటలు వచ్చే కరెంటును రైతు తొమ్మిది గంటలూ వాడతాడు, ఎందుకంటే తను ఆపితే పక్కవాడి బోరు లాగేస్తుందని తెలుసు. పోటీ అలాగే ఉండగా మంచి మోటారు ఇవ్వడమంటే ఆ పోటీని ఇంకా వేగంగా నడిపించడమే.

సోలార్ పంపు సంగతీ అంతే. 2019లో రైతులకు సబ్సిడీ మీద సోలార్ పంపులిచ్చే పీఎం కుసుమ్ పథకం వచ్చాక చాలామంది అడుగుతున్నారు. సోలార్‌కు నేను వ్యతిరేకిని కాను. కర్నూలు పక్కన గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల పార్కు నడుస్తోంది, కదిరి వైపు ఎన్పీ కుంటలో ఇంకొకటి ఉంది. ఇంత ఎండ ఉన్న సీమలో పగటిపూట కరెంటు పలకల నుంచి రావడమే న్యాయం. కానీ నీళ్ల లెక్క తేలకుండా బోరు మీద సోలార్ పెడితే, ఎండ ఉన్నంతసేపూ అడిగేవాడు లేకుండా తోడుతుంది. కాలువ నీళ్లొస్తే అంతా సర్దుకుంటుందని ఇంకొందరంటారు. హంద్రీ-నీవా నీళ్లు శ్రీశైలం వెనుక మాల్యాల దగ్గర మొదలై, మెట్టు మెట్టుగా మోటార్లతో ఎక్కి 2012లో జీడిపల్లి దాకా వచ్చాయి. ఆ ప్రతి చుక్క వెనుకా కరెంటు ఉంది. ఈ వైపు బోరు నీళ్లైనా, హంద్రీ-నీవా నీళ్లైనా కరెంటు మీద ఎక్కే వస్తాయి. కాబట్టి ఇక్కడ కరెంటు పొదుపు నీళ్ల దగ్గరే మొదలు కావాలి.

గుడి అరుగు మీద లెక్క

రైతులతో గుడి అరుగు మీద కూర్చుని నీళ్ల జమాఖర్చు రాశాం. జిల్లా సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఇలాంటి రాతినేలలో అందులో పదో వంతు అటూ ఇటూ భూమిలోకి ఇంకుతుంది. ఎకరాకు లెక్కేస్తే దాదాపు 2.2 లక్షల లీటర్లు. ఆ తొమ్మిది బోర్ల చుట్టూ ఉన్న నూటయాభై ఎకరాల మీద ఏడాదికి ఇంకేది మూడు కోట్ల ముప్పై లక్షల లీటర్లు. ఇది ఆదాయం.

ఖర్చు వైపు సుద్దముక్క వాళ్ల చేతికే ఇచ్చాం. ఎకరా వరికి 1,200 మిల్లీమీటర్ల తడి అనుకుంటే 48 లక్షల లీటర్లు. యాసంగి శనక్కాయకు 500 మిల్లీమీటర్లనుకుంటే ఎకరాకు ఇరవై లక్షలు. ఆ ఏడాది బోర్ల కింద ఆరెకరాల వరి, పన్నెండెకరాల శనక్కాయ ఉన్నాయి. ఈ రెంటికే ఐదు కోట్లు దాటింది. టమోటా, చీనీ (బత్తాయి) చెట్లు ఇంకా రాయనేలేదు. మడిలో ఇంకి మళ్లీ కిందికి పోయేది తీసేసినా ఖర్చు ఆదాయాన్ని మించిపోయింది. ఈ పద్ధతి మేము కనిపెట్టింది కాదు. అనంతపురం, కర్నూలు, కడపతో సహా ఏడు కరువు జిల్లాల్లో గతంలో నడిచిన ఏపీఎఫ్ఏఎంజీఎస్ (రైతులే భూగర్భజలాలను నిర్వహించుకునే) ప్రాజెక్టులో రైతులే వాన కొలిచి, బోర్ల మట్టం కొలిచి, ఇలాగే పంటల నీటి బడ్జెట్ వేసుకున్నారు. మా పని దానికి కరెంటు లెక్క జోడించడమే.

ఒక ఎకరా వరికి తోడే నీటికి, ఆ చివరి బోరు లెక్కన, ఐదు వేల యూనిట్లు అవుతుంది. మన గ్రిడ్డులో యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి ఎకరా వరి వెనుక మూడున్నర టన్నులు. కార్బన్ మాట ఆ అరుగు మీద ఎవరినీ కదిలించలేదు. కదిలించింది ఇంకో లెక్క. శనక్కాయకు వాన ఎగ్గొట్టినప్పుడు స్ప్రింక్లర్లతో ఇచ్చే 25 మిల్లీమీటర్ల తడికి ఎకరాకు లక్ష లీటర్లు చాలు. ఒక్క ఎకరా వరి మానితే మిగిలే నీటితో ఇరవై నాలుగు ఎకరాల శనక్కాయకు రెండేసి తడులు పెట్టొచ్చు. ఈ అంకె పడ్డాక అరుగు మీద మాటలు ఆగిపోయాయి. ముంగారు (ఖరీఫ్) శనక్కాయ ఊడలు దిగే వేళ మూడు వారాలు వాన లేకపోతే ఏమవుతుందో అక్కడ పుట్టిన ప్రతి మనిషికీ తెలుసు. సెప్టెంబరులో వాన కుండపోతగా కురిసినా అప్పటికి ఆ పంటకు చేసేదేమీ ఉండదు. వానల మధ్య విరామాలు సాగి, కురిస్తే ఒక్కసారిగా కురిసే తీరు పెరుగుతోందని వాళ్ల అనుభవం చెబుతోంది. రెండు తడుల భరోసా కంటే పెద్ద బీమా మెట్టరైతుకు లేదు.

ఒప్పందం

లెక్క ఒప్పుకోవడం వేరు, పైపు కలపడం వేరు. బోరున్న తొమ్మిది మంది, బోరు లేని వాళ్లు అంతకు రెట్టింపు. వేసవంతా మాటలు నడిచాయి. అందరికంటే మంచి బోరున్న పెద్దాయన మొదటి నుంచీ ఒకటే అన్నాడు. "అప్పు చేసి వేసిన బోరు సార్ ఇది. నీళ్లు పడనోళ్ల కోసం నేనెందుకు పైపు కలపాల?" ఆ మాటలో తప్పు లేదు. ఏడు వందల అడుగులు దించితే లక్ష రూపాయలు పైమాటే, నీళ్లు పడతాయన్న నమ్మకమూ లేదు. ఆయన పొలంలో పనికిరాని బోర్లు ఇంకా ఉన్నాయి, వాటి అప్పూ ఆయనదే.

జవాబు మేము చెప్పలేదు. వరసకు కొడుకయ్యే ఒకతను లేచి అన్నాడు: "చిన్నాయనా, నువ్వు కలపకపోతే మేమూ బోరేస్తాం. నీ చేని గట్టు మీదే వేస్తాం. పడితే మాకు పడేది నీ నీళ్లే." బెదిరింపులా వినబడినా అది భూగర్భశాస్త్రం ప్రకారం నూటికి నూరుపాళ్లు నిజం. ఒకే పగులు మీద రెండో బోరు పడితే మొదటిదానికి గ్యాప్ వస్తుంది. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం బోరు వేయడానికి అనుమతి అడుగుతుంది, తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు వేయకూడదంటుంది. కానీ రాత్రికి రాత్రి రిగ్గు బండి వచ్చి పోతే ఆపేదెవరు? పక్కవాడు బోరు వేయకుండా ఆగడమే పెద్దాయనకు నిజమైన రక్షణ. ఆయన నీళ్లు ఇవ్వాలి, వాళ్లు బోరు వేసే హక్కు వదులుకోవాలి. ఈ బేరం అర్థమయ్యాక చర్చ దానధర్మం నుంచి లెక్కలోకి వచ్చింది, అప్పుడే ముందుకు కదిలింది.

స్టాంపు పేపరు మీద రాసుకున్నవి ఇవీ. పదేళ్లు ఎవరూ కొత్త బోరు వేయరాదు, పాతది లోతు చేయరాదు. బోర్ల కింద వరి వేయరాదు, ఇంటి తిండికి మొత్తం మీద ఒక్క ఎకరా మాత్రం మినహాయింపు. ముంగారులో బోరు లేనివాళ్ల శనక్కాయకు, కందికి రెండు రక్షక తడుల దాకా బోరున్నవాళ్లు ఇవ్వాలి. యాసంగిలో నీళ్లు బోరున్నవాళ్లవే, అయితే నవంబరులో మట్టం కొలిచాకే ఎన్ని ఎకరాలన్నది తేల్చాలి. మోటారు రిపేరు ఖర్చు అందరిదీ, నీళ్లు తీసుకున్న ఎకరాల లెక్కన. ఈ చివరి షరతు పెద్దాయన పెట్టాడు. ఒప్పందం నిలబడటానికి అదే ప్రధానమైనదని నాకనిపిస్తుంది, ఎందుకంటే కాలిన మోటారు ఒక్కడి బాధగా ఉన్నంతకాలం మిగతావాళ్లకు దాని క్షేమం పట్టదు.

వంతుల పుస్తకం పొదుపు సంఘం లెక్కలు రాసే ఒక అమ్మాయికి అప్పగించారు. ఆమె ఆ పుస్తకంలో ఒక గడి అదనంగా గీసింది: పైరు దశ. తగవు వచ్చినప్పుడు పేరు చూడకుండా పైరు చూసి వంతు ఇవ్వాలని. మొదటి ఆగస్టులోనే అది అక్కరకొచ్చింది. ఇద్దరు ఒకే రోజు నీళ్లడిగారు. ఒకరిది ఊడలు దిగుతున్న చేను, ఇంకొకరిది ఇంకా పూతకు రాలేదు. రెండో రైతు ఊళ్లో పలుకుబడి ఉన్నవాడు. పుస్తకం తెరిచి గడి చూపించింది, అతను మాట్లాడకుండా నాలుగు రోజులు ఆగాడు.

పైపు, మోటారు

పైపు పని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మూడడుగుల లోతున పీవీసీ లైను, ప్రతి చేనికీ ఒక వాల్వు, బోర్లన్నీ ఒకే లైనులోకి. కందకం తవ్వే పని రైతులే చేశారు, పైపుల ఖర్చులో కొంత వాళ్లది, మిగతాది మేము సమకూర్చాం. సమయమంతా వాల్వులు ఎక్కడ పెట్టాలన్న దగ్గరే పట్టింది, ఎందుకంటే వాల్వు ఉన్న గట్టు మీద ఎవరికి అధికారమన్నది అసలు ప్రశ్న.

ఇదంతా అయ్యాకే మోటార్లు. అన్ని బోర్లూ ఒకేసారి నడవాల్సిన అవసరం పోయింది కాబట్టి, ఏ పూటైనా ఐదుకు మించి నడవకూడదని వంతు వేశారు. ఆటో స్టార్టర్లు తీసేశారు. లైన్‌మన్ చెప్పిన ప్రకారం ఒక్కో మోటారూ కొన్ని నిమిషాల తేడాతో వేస్తున్నారు. కెపాసిటర్లు మళ్లీ బిగించాం. ఐదు హెచ్‌పీకి రెండు కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు కొలత) సరిపోతుంది. దానివల్ల యూనిట్లు పెద్దగా తగ్గవు గానీ లైనులో ఆంప్స్ తగ్గి చివరి బోరు దాకా వోల్టేజీ నిలబడుతుంది. నీళ్లు అయిపోతే మోటారు తనంతట ఆగే డ్రై రన్ రక్షణ అన్నింటికీ పెట్టాం. అప్పుడు ఆ చివరి బోరులో ఏడున్నర తీసి స్టార్ రేటింగున్న ఐదు హెచ్‌పీ దించాం.

డ్రమ్ము మళ్లీ వంద సెకన్లకే నిండింది, తీసుకుంటున్నది మాత్రం 4.6 కిలోవాట్లు. వెయ్యి లీటర్లకు 0.64 యూనిట్. రోజుకు తొమ్మిది గంటలు తిరిగేది ఇప్పుడు వంతు ప్రకారం సగటున ఐదు గంటలు తిరుగుతోంది. ఏడాదికి రెండు వందల రోజులు నడిచిందనుకుంటే 13,500 యూనిట్ల నుంచి 4,600కు దిగింది, అంటే ఒక్క మోటారు మీద ఆరు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ తగ్గింది. ఈ తగ్గుదలలో దాదాపు మూడు వంతుల్లో రెండు వంతులు గంటల కోతవి, ఒక వంతు కొత్త మోటారుది అని కాగితం మీద చూపొచ్చు. కానీ గంటల కోత లేకపోతే ఆ ఐదు హెచ్‌పీ మోటారు గ్యాప్ ఇచ్చే బోరులో రెండు వేసవులు బతికేది కాదు, రైతు మళ్లీ ఏడున్నర దించేవాడు. అందుకే మోటారు వాటాను, నీళ్ల ఒప్పందం వాటాను విడదీసి చూపమని నిధులిచ్చేవాళ్లు అడిగితే నేను ఒప్పుకోను.

రెండు వేసవులు దాటాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలలేదు. మోటార్లలో ఒకటి మాత్రమే వైండింగ్‌కు వెళ్లింది. మొదటి ముంగారులోనే బోరు లేనివాళ్ల చేలలో తడి పెట్టిన శనక్కాయకు, పెట్టనిదానికి తేడా గంపలు మోసినవాళ్లకే తెలిసింది. వరి తగ్గిన చోట కొర్ర, అలసంద, కొంత టమోటా వచ్చాయి. నీటిమట్టం పెరిగిందని మాత్రం నేను రాయను. ఈ రెండేళ్లూ వానలు పరవాలేదు కాబట్టి ఆ పేరు ఒప్పందానికి ఇవ్వడం తొందరపాటు. అసలు పరీక్ష కరువు ఏడాదిలోనే.

తేలనివి రెండున్నాయి. ఒప్పందంలో ఉన్న ఒక రైతు పొలం అమ్ముకున్నాడు. కొన్నాయన పట్నంలో ఉంటాడు, చీనీ తోట పెట్టాలనుకుంటున్నాడు, బోరు వేస్తానంటున్నాడు. స్టాంపు పేపరు మీద సంతకం ఆయనది కాదు. ఇప్పుడు మిగతావాళ్లు ఆయనకు నీళ్ల వాటా చూపించి ఒప్పించే పనిలో ఉన్నారు. కొత్తగా చేసే ఊళ్లలో ఈ షరతును పొలం అమ్మకం కాగితంలోనే రాయించేలా చూస్తున్నాం. రెండోది, కాగితం మీద ఐదు హెచ్‌పీ ఉండి బోరులో ఏడున్నర ఉన్న మిగతా మోటార్లు. వాటిని ఒక్కొక్కటే మార్చాలి. కాలినప్పుడే మార్చడం మేలని రైతులంటున్నారు, నడుస్తున్న మోటారును తీసి పక్కన పెట్టమనడానికి వాళ్లకు మనసొప్పడం లేదు. ఖర్చు చూసి నేనూ సరేనన్నాను.

ఈమధ్య పక్క ఊరి నుంచి కొందరు వచ్చి, పైపులు మాకూ వేయండి, ఒప్పందం సంగతి తర్వాత చూద్దాం అన్నారు. వాళ్లను ఈ ఊరి పెద్దాయన దగ్గరికి పంపాను. తిరిగొచ్చేటప్పుడు వాళ్లు నవంబరులో నీటిమట్టం ఎలా కొలవాలో, దానికి టేపు ఎక్కడ దొరుకుతుందో అడిగి రాసుకున్నారు.